కుందేళ్ల గూటికి బెల్లం గోనె

సఫూరా దబ్బనం పట్టుకుని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవదని ఆ గల్లీలో అందరికీ తెలుసు. ఆమె భర్త నసీరుద్దీన్‌ది పాత గోనె సంచుల వ్యాపారం. బాన్సువాడ అంగళ్లలో పప్పులకూ చక్కెరకూ బెల్లానికీ వాడేసిన సంచులు కొనుక్కొచ్చి, చిరిగిన చోట కుట్టించి, వరికోతలు మొదలయ్యే నాటికి రైతులకు అమ్మేవాడు. కుట్టుపని సఫూరాది. వాకిట్లో సంచుల కుప్ప పక్కన చాప పరుచుకుని, దబ్బనానికి సుతిలి తాడు ఎక్కించి, మోకాలి మీద సంచి పరిచి కుడుతూ ఉంటే, గోనె నూగు ఆమె కనుబొమల మీద కూడా పేరుకునేది. సాయంత్రం కొంగుతో మొహం తుడుచుకుంటే కొంగు కూడా గోనెలా గీరుకునేది.

అన్ని సంచులూ అమ్ముడుపోయేవి, బెల్లం సంచులు తప్ప. వాటిలో వడ్లు పోస్తే చీమలు పడతాయని ఏ రైతూ ముట్టుకోడు. అవి ఇంట్లోనే మిగిలిపోయేవి. తీపి ఇంకి ఇంకి, ఎండి ఎండి, పలకల్లాగా బిర్రుగా ఉండేవి. మామూలు గోనెను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అవతల మనిషి కనపడతాడు. బెల్లం గోనెలో సూది మొన పట్టేంత సందు కూడా కనపడదు. ఆ సంగతి సఫూరా కంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే కుందేళ్ల గూటికి ఆ సంచులు కట్టింది. కట్టి, ఎంత తెలివైన పని చేశానో అనుకుంది కూడా.

అసలు ఆ ఇంటికి కుందేళ్లు ఎందుకొచ్చాయో ముందు చెప్పాలి.

రెండువేల మూడో సంవత్సరం వానాకాలంలో వాళ్ల ఒక్కగానొక్క కూతురు యాస్మీన్‌కు జ్వరం వచ్చింది. పిల్లకు ఎనిమిదో ఏడు. నోరు మూతపడని పిల్ల. బడి నుంచి వస్తూనే సంచి విసిరేసి, అమ్మ పక్కన కూర్చుని, ఆ పూట బడిలో ఎవరు ఎవరితో కచ్చి కట్టి మాటలు మానేశారో, ఎవరు ఎవరికి రేగుపళ్లు ఇచ్చారో వరసగా చెప్పేది. "నోరు నొయ్యదా బేటీ" అని సఫూరా అంటే, "నీకు చెవులు నొస్తున్నయా" అని అడిగేది. అలాంటి పిల్ల ఒక పొద్దున లేవలేదు. ఒళ్లు పెనంలా కాలింది, మెడ బిగుసుకుంది, కళ్లు పైకి తేలేశాయి. ఆటోలో బస్టాండుకూ, అక్కడి నుంచి జీపులో నిజామాబాద్ పెద్ద దవాఖానకూ పరిగెత్తారు. మెదడువాపు జ్వరమన్నారు డాక్టర్లు. దోమ కుట్టడం వల్ల వస్తుందన్నారు.

దోమ. ఆ మాట విన్నప్పుడు సఫూరా నమ్మలేదు. తన ఇంట్లో దోమలు ఎప్పుడు లేవు? పుట్టినప్పటి నుంచీ కుడుతూనే ఉన్నాయి కదా. అంత చిన్న పురుగు తన బిడ్డను ఇంత చేయడమేమిటి?

పిల్ల బతికింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది. కానీ మాట రాలేదు. కుడిచేయి పట్టు తప్పింది, వేళ్లు విచ్చుకోవు, ముడుచుకోవు. ఎవరు పిలిచినా ఒక్కోసారి చూసేది, ఒక్కోసారి చూసేది కాదు. మాట ఇప్పుడు వస్తుందా, ఎప్పుడొస్తుందా అంటే డాక్టర్లు కూడా ఏమీ తేల్చలేదు. ఓపిక పట్టమన్నారు.

ఓపిక సంగతి సరే. సఫూరాను లోపల తొలిచేసింది వేరే. నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డప్పుడు ఒకావిడ ఇంకొకావిడతో అననే అంది.

"పొల్ల బతికింది గని మతి పోయిందట. పాపం, దానికి తల్లెవరో తండ్రెవరో తెల్వదట."

సఫూరా బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. ఆ మాట అబద్ధమని ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? తను అన్నం కలిపి పెడితే పిల్ల తింటుంది, స్నానం చేయిస్తే కూర్చుంటుంది. కానీ లోపల తన యాస్మీన్ ఉందా? తన మాట వింటుందా, విని అర్థం చేసుకుంటుందా? ఏ డాక్టరునూ ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఆమెకు లేదు. లేదని చెబితే?

అప్పుడు నసీరుద్దీన్ రుద్రూర్ వైపు సంచుల కోసం పోయి, అక్కడ కుందేళ్లు పెంచే ఒకాయన దగ్గర రెండు కుందేలు పిల్లల్ని కొని బుట్టలో పెట్టుకొచ్చాడు. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది, రెండూ ఆడవే. తెల్లదానికి రూయి అని పేరు పెట్టాడు, అంటే దూది. రెండోది బాదం.

"మనిషికే గతి లేదు, మళ్ల గిదొకటా" అంది సఫూరా.

"పిల్ల సూడనియ్యి. సూస్తె సూస్తది, లేకుంటె లేదు" అన్నాడాయన.

రూయిని యాస్మీన్ ఒళ్లో కూర్చోబెట్టాడు. అది ముక్కు అదురుతూ అదురుతూ ఆమె కుడి అరచేతి కిందికి దూరింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ పట్టు తప్పిన వేళ్లు, నెలల తరబడి నూనె పెట్టి మర్దన చేసినా కదలని వేళ్లు, ఆ తెల్లటి బొచ్చులో మెల్లగా ముడుచుకున్నాయి. సఫూరా కళ్లారా చూసింది. భర్త మోచెయ్యి పట్టుకుని ఆ వేళ్ల వైపు చూపించింది.

ఆ రోజు నుంచి ఆ కుందేలు ప్రాణం ఆ ఇంట్లో అందరి ప్రాణాల కంటే ముందు లెక్కకొచ్చింది. రూయి ఉంటే యాస్మీన్ వేళ్లు కదులుతాయి. రూయి ఉంటే వాకిట్లోకి వస్తుంది, దాని వెంట చూపు తిప్పుతుంది. రూయి పోతే? సఫూరా ఆ ఆలోచనను అంతవరకే రానిచ్చేది.

వాకిట్లో రేకుల చూరు కింద, ఇటుకల మీద కట్టె గూడు నిలబెట్టించాడు నసీరుద్దీన్. ముందువైపు కోళ్ల జాలీ, పక్కన అరచెయ్యంత చిన్న తలుపు. జాలీ చూడగానే సఫూరాకు కనపడింది ఒకటే, దాని కన్నాలు. కోడి దూరదు సరే, దోమ దూరదా? తన బిడ్డను కుట్టిన దోమ దీన్ని కుట్టదని ఎవరు చెప్పొచ్చారు? వెంటనే రెండు బెల్లం గోనెలు కలిపి గూటి ముందు వేలాడదీసి కట్టేసింది.

గోడ అవతల సత్యమ్మ ఇల్లు. సఫూరా కంటే పదేళ్లు పెద్ద, ఒక బర్రెను పెట్టుకుని పాలు అమ్ముకునే మనిషి. గోడ మీదుగా తల పెట్టి చూసింది.

"ఏందే సఫూరా, కుందేళ్లకు పర్దా కట్టినవు. అత్తగారింటికి పంపుతున్నవా ఏంది?"

"నవ్వు అక్కా, నవ్వు. నీ బర్రె తోలు గంత మందం, దాన్ని దోమలు ఏం జేస్తయ్. వీటి చెవులు సూసినవా? ఉల్లిపొర లెక్క ఉన్నయ్. లోపల నెత్తురు కనబడతది."

"గట్లయితె నా బర్రెకు పెట్టే యాపాకు పొగల సగం నీ కుందేళ్లకు రాసిస్త తియ్యి. కిరాయి అడగను."

ఆ పొగ కూడా పెట్టి చూసింది సఫూరా. కుందేళ్లు తుమ్మాయి, మూలకు నక్కాయి. యాస్మీన్ లేచి వెళ్లి గూటికి అడ్డంగా నిలబడింది. సఫూరా పొగ మానేసింది. గోనె మాత్రం ఉంచింది. చలికాలమంతా ఆ గోనె బాగానే పనిచేసింది. సాయంత్రం కట్టడం, పొద్దెక్కాక తీయడం. కుందేళ్లు బొద్దుగా తయారయ్యాయి. చెప్పొద్దూ, సఫూరా కూడా కాస్త అన్నం తినడం మొదలుపెట్టింది.

అసలు చిక్కు ఎండాకాలంతో వచ్చింది.

యాసంగి కోతలు మొదలయ్యాయి. ఊరంతా వడ్ల దుమ్ము. సంచులకు గిరాకీ పెరిగి సఫూరాకు తల ఎత్తే తీరిక లేదు. ఆ ఏడు ఎండలు మరీ ముందే ముదిరాయి. కుందేళ్లు గూట్లో కాళ్లు బారచాపి పడుకుని, పక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసేవి. అంత బొచ్చుతో ఆ ఎండకు ఆగుతాయా? సఫూరా చూసింది, ఆలోచించింది. ఇంట్లో తాగేనీళ్ల కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లగా ఉంటాయి కదా. అలాగే గూటికి కట్టిన గోనెలను నీళ్లతో తడపడం మొదలుపెట్టింది. పగలు కూడా తీయడం మానేసింది. నీడా అవుతుంది, చల్లదనమూ ఉంటుంది, దోమా రాదు. ఒక్క సంచితో మూడు పనులు.

"సంచులు తడుపుతున్నవు. కుళ్లుతయ్ గవి" అన్నాడు నసీరుద్దీన్ పొద్దున బయటికి పోతూ.

"కుళ్లనియ్యి. నువ్వేమన్న అమ్ముతవా వాటిని?"

ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

ఎండిన బెల్లం వేరు, తడిసిన బెల్లం వేరు. ఏళ్ల తరబడి గోనె పోగుల్లో గట్టిపడి కూర్చున్న తీపి, నీళ్లు పడేసరికి కరగడం మొదలైంది. సన్నగా, కంటికి కనపడకుండా, గూటి అడుగు చెక్కల మీదికి జారింది. కింద పరిచిన గడ్డి తడిసింది. కుందేళ్ల రొచ్చుతో కలిసింది. ఎప్పుడూ గోనెల మధ్య ఉండే సఫూరా ముక్కుకు ఆ వాసన తెలియలేదు. గూడు ముందు మూసి ఉంది. పక్క తలుపులోంచి గడ్డీ, ముల్లంగి ఆకూ చెయ్యి పెట్టి లోపలికి తోసేది. చీకట్లో తెల్లగా ఒక ఆకారం, దాని పక్కన ఇంకొక ఆకారం. ఉన్నాయిలే అనుకుని తలుపు వేసేది. రూయిని రోజూ బయటికి తీసి పిల్ల ఒళ్లో పెట్టే పని కూడా కోతల హడావిడిలో వెనకబడింది.

యాస్మీన్ అప్పుడు మొదలుపెట్టింది ఆ పని. అమ్మ వంట చేస్తున్నప్పుడో, నల్లా దగ్గరికి పోయినప్పుడో, గూటి దగ్గరికి పోయి ఎడమచేత్తో గోనె ముడి విప్పేది. సఫూరా వచ్చి చూసేసరికి గోనె ఒకవైపు ఊడి వేలాడుతూ ఉండేది. మళ్లీ కట్టేది. మరుసటి పూట మళ్లీ ఊడి ఉండేది.

"ఒద్దు బేటీ. దోమలు కుడతయ్. నీకు జొరం రాలె? రూయికి గూడ వస్తది" అని బుజ్జగించింది.

పిల్ల తల్లి మొహం చూడలేదు. గోనె వైపే చూసింది. ముడి మీదికి మళ్లీ చెయ్యి పోయింది.

సఫూరా ముడి మళ్లీ బిగించింది. ఎన్నిసార్లు చెప్పినా అర్థం కావడం లేదు కదా. నల్లా దగ్గర వాళ్లు అన్నది నిజమేనా? దోమ అంటే ఏమిటో, జ్వరమంటే ఏమిటో, తనకు ఏం జరిగిందో ఏదీ ఈ పిల్ల తలలో లేదా?

ఆ బాధే కోపమైంది. దబ్బనం తీసింది. సుతిలి రెండు పోగులు చేసి, గోనె అంచును గూటి జాలీకి చుట్టూ కుట్టేసింది. వడ్ల బస్తా మూతి కుట్టినంత గట్టిగా, దగ్గర దగ్గరగా. ఇక ఏ చెయ్యీ విప్పలేదు. కుట్టు చివర ముడి వేస్తుంటే యాస్మీన్ వచ్చి ఆ ముడి మీద చెయ్యి వేసింది. సఫూరా ఆ చెయ్యి తీసేసింది. పిల్ల మళ్లీ వేసింది. సఫూరా ఆ చేతి మీద ఒకటి కొట్టింది.

జ్వరం వచ్చినప్పటి నుంచీ ఆ పిల్లను కొట్టడం అదే మొదటిసారి. యాస్మీన్ ఏడవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, గూటి పక్కన నేల మీద కూర్చుని, ఆ పూటంతా అక్కడి నుంచి లేవలేదు. అన్నం తినలేదు.

మర్నాడు కూడా తినలేదు. గోనె మీద అరచేత్తో తట్టుతూ కూర్చుంది. తట్టడం, ఆగడం, తల్లి వైపు చూడడం, మళ్లీ తట్టడం. సఫూరా సంచులు కుడుతూ, ఆ చప్పుడు వినలేక, చాప తీసుకుని ఇంటి లోపలికి పోయి కూర్చుని కుట్టింది.

ఆ మరుసటి పొద్దున సత్యమ్మ గోడ మీదుగా ముక్కు మూసుకుని తల పెట్టింది.

"సఫూరా, నీ ఇంట్లకెంచి ఏందే గా వాసన? ఎలుకేమన్న సచ్చిందా? గా ఈగలు సూడు, నా బర్రెను ఇడిసిపెట్టి నీ ఇంటికే పోతున్నయ్."

సఫూరా అప్పుడు చూసింది. గూటి మీద కప్పిన గోనె గోధుమరంగులో లేదు. నల్లగా, కదులుతూ ఉంది. అదంతా ఈగలే. చెయ్యి ఊపితే గుయ్యిమని లేచి మళ్లీ అక్కడే వాలాయి. యాస్మీన్ ఆ పక్కనే కూర్చుని తల్లినే చూస్తోంది.

కుట్టు కోసింది. గోనె లాగింది. బాదం ఒక మూల తడి తగలని చెక్క మీద ముడుచుకుని ఉంది. రూయి తడిగడ్డిలో పక్కకు పడి ఉంది. చేతుల్లోకి తీసుకుంది. వెనక కాళ్ల దగ్గర బొచ్చు అట్టకట్టి ఉంది, కింద ఏదో కదిలింది. పురుగులు. కందిపప్పు గింజ కంటే సన్నగా, తెల్లగా, బొచ్చు మొదట్లో గుంపుగా.

సత్యమ్మ గోడ దిగి వచ్చి చూసింది. ఈసారి నవ్వలేదు.

"మా బర్రెకు గాయంల పురుగు వడ్తె సీతాఫలమాకు నూరి పెడ్తం. తెమ్మంటవా?"

"తే అక్కా" అంటూనే సఫూరా ఆగింది. "ఒద్దు. గిదేం బర్రెనా? దీని తోలు ఎట్లున్నదో నేనే జెప్తి గద నీకు. పశువుల దవాఖానకు పోత."

బుట్టలో పాతచీర పరిచి రూయిని పడుకోబెట్టింది. ఆటో పిలవడానికి లేచింది. యాస్మీన్ అప్పటికే బుట్ట ఎత్తుకుని గడప దాటి నిలబడి ఉంది. పట్టు తప్పిన చెయ్యి అడుగున, మంచి చెయ్యి పైన. ఆ పిల్ల దగ్గర నుంచి బుట్ట తీసుకోవడం సఫూరా తరం కాలేదు. ఇద్దరూ ఆటో ఎక్కారు.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. బర్రెలూ మేకలూ నిలబడిన వరసను పక్కకు జరిపించి, రూయిని బల్ల మీద పెట్టించింది. కత్తెరతో బొచ్చు కత్తిరించింది. గోరువెచ్చని నీళ్లతో కడిగింది. చిన్న పటకారు లాంటి చిమటాతో ఒక్కో పురుగునూ తీసి డబ్బాలో వేస్తూ అడిగింది.

"గూడు ఎలా ఉంటుందమ్మా? తడిగా ఉంటుందా?"

సఫూరా చెప్పింది. బెల్లం గోనె, నీళ్లు, కుట్టు, అన్నీ చెప్పింది. దాచుకోవడానికి ఏముంది? "దోమలు రావొద్దని కట్టిన డాక్టరమ్మా. మా పిల్లకు దోమతోనే గిట్ల అయింది."

డాక్టరమ్మ చిమటా ఆపి యాస్మీన్‌ను చూసింది.

"దోమల నుంచి కాపాడాలనుకోవడం తప్పు కాదమ్మా, మంచిదే. కుందేళ్లకు దోమతోనూ ఈగతోనూ రెండిటితోనూ ప్రమాదమే. కానీ ఇది దోమ పని కాదు. తీపికీ తడికీ ఈగ వచ్చింది, ఏ సందులోంచో దూరి మలం అంటుకున్న బొచ్చులో గుడ్లు పెట్టింది. ఈ ఎండకు ఒక్క పూటలో పురుగవుతాయి. గూడు పొడిగా ఉండాలి, గాలి ఆడాలి, రోజూ ఎత్తి తోక కింద చూడాలి. మూసేస్తే మనకు కనపడదు."

"చీకట్ల తెల్లగ కనబడింది. మంచిగనే ఉన్నదనుకున్న."

డాక్టరమ్మ చిమటా కడిగి పక్కన పెట్టింది. పని అయిపోయిందనుకుని సూది మందు తీస్తుంటే, యాస్మీన్ బల్ల దగ్గరికి జరిగింది. ఎడమచేత్తో రూయిని మెల్లగా వెల్లకిలా తిప్పింది. తొడ లోపలి మడత దగ్గర బొచ్చును రెండు వేళ్లతో విడదీసి పట్టుకుంది. డాక్టరమ్మ వంగి చూసింది. అక్కడ, కత్తెర పోని చోట, ఇంకా ఉన్నాయి.

"అరె, నేను ఇక్కడ చూడలేదు" అంది డాక్టరమ్మ. తర్వాత పిల్లతోనే మాట్లాడింది. "బాగా చూపించావు. ఇంకెక్కడైనా ఉన్నాయా?"

యాస్మీన్ కాసేపు ఆలోచించినట్టుగా ఆగింది. రెండో తొడ విడదీసి చూసింది. తల అడ్డంగా ఊపింది.

సఫూరా బల్ల అంచు పట్టుకుంది. ప్రశ్న అడిగితే పిల్ల జవాబు చెప్పింది. చూసి, ఆలోచించి, లేవు అని చెప్పింది. ఈ పిల్లకు అంతా తెలుసు. మరి ఇన్ని దినాలూ ముడి విప్పింది ఎందుకు? ఈగలు దూరుతున్నాయని. గోనె తట్టింది ఎందుకు? చూడు, తెరిచి చూడు అని. నోరు లేని బిడ్డ చేత్తో మాట్లాడితే, తను ఆ చేతినే కొట్టింది. తను దగ్గర కూర్చుని ఇలా ఒక్క ప్రశ్న అడిగి, ఆగి, జవాబు కోసం చూసింది ఎప్పుడు? "ఒద్దు బేటీ" అనడమే కానీ, "ఏంది బేటీ" అని అడిగిందా?

డాక్టరమ్మ సూదిమందు ఇచ్చింది. పురుగు లోపలిదాకా పోయిందని, గట్టిగా చెప్పలేనని అంది. నీళ్లు పట్టమంది, ఎండ తగలకుండా పెట్టమంది.

రూయి ఆ పగలంతా యాస్మీన్ ఒళ్లో ఉంది. దూదితో నీళ్లు పెదవికి తాకిస్తే కాస్త నాకింది. సాయంకాలం అజాన్ అయ్యాక, నసీరుద్దీన్ ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తున్న సమయంలో, ఒకసారి కాళ్లు బిగించి వదిలేసింది. యాస్మీన్ వేళ్లు ఆ బొచ్చులోనే ఉన్నాయి. అవి విప్పడానికి నసీరుద్దీన్‌కు చాలాసేపు పట్టింది.

ఆయన వాకిలి చివర గుంత తవ్వాడు. చుట్టడానికి ఉన్నవాటిలో మంచి సంచి నుంచి ఒక ముక్క కోసి తెచ్చాడు. యాస్మీన్ ఆ గోనెముక్కను లాగి అవతల పారేసింది. తండ్రి దాన్ని మళ్లీ తీయలేదు. రూయిని ఉత్త మట్టిలోనే పెట్టాడు.

ఆ తర్వాత యాస్మీన్ తల్లి చేతి ముద్ద తినడం మానేసింది. తండ్రి పెడితే తినేది. బాదం ఉన్న గూటి దగ్గరికి సఫూరా వస్తే, లేచి గూటికి ఆనుకుని నిలబడేది. సఫూరా చెయ్యి ముందుకు చాపితే, ఎడమచేత్తో పక్కకు నెట్టేది. గట్టిగా కాదు. ఇది నీది కాదు అన్నట్టు నెట్టేది.

"చిన్నపిల్ల. ఎన్ని దినాలుంటది కోపం? పోతది తియ్యి" అన్నాడు నసీరుద్దీన్ భార్యను ఊరడించడానికి.

"ఉండనియ్యి" అంది సఫూరా. "కోపమొచ్చిందంటె నా బిడ్డ లోపల ఉన్నట్టే గద. నువ్వు పోగొట్టకు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఏడుస్తోందో లేదో తెలియలేదు.

ఇంట్లో ఉన్న బెల్లం గోనెలన్నీ సఫూరా ఇటుకబట్టీకి ఇచ్చేసింది. గూటి చెక్కలు బూడిద వేసి తోమి, రెండు ఎండలు ఎండబెట్టింది. బజారుకు పోయి దోమతెర గుడ్డ తెచ్చింది. సన్నసూదితో, ఆ లావుపాటి వేళ్లకు అలవాటు లేని సూదితో, కట్టె చట్రానికి ఆ గుడ్డ కుట్టి, గూటికి అంటకుండా జానెడు ఎడంగా నిలబెట్టింది. గాలి ఆడుతుంది, లోపల ఏముందో బయటికి కనపడుతుంది, దోమా ఈగా రావు. తడి గోనె బదులు చూరు మీద వరిగడ్డి పరిచింది. గూట్లో ఒక మూల నీళ్లు పోసిన మట్టికుండ పెట్టింది, బాదం దానికి ఆనుకుని పడుకునేది. గడ్డి రోజూ రెండు పూటలా మార్చేది. అదయినా తను చెయ్యి పెట్టి కాదు. కొత్త గడ్డి కట్ట గూటి పక్కన పెట్టి వచ్చేది, యాస్మీన్ పాతది లాగి కొత్తది పరిచేది.

చట్రానికి తలుపు పెట్టేటప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచించింది. ఎన్నో ముడులు వేసి చూసుకుంది, విప్పింది. కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని ఒక్క ఎడమచేత్తో లాగితే ఊడివచ్చే ముడి ఏదో అది వేసి వదిలింది.

గోడ మీద నుంచి సత్యమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"గంత పని జేస్తివి, లోపలికి చెయ్యి పెట్టి సూసుకోవేందే? తోక కింద సూడాల్నని డాక్టరమ్మ జెప్పిందంటివి."

"యాస్మీన్ సూస్తది అక్కా."

"నీకు జూపిస్తదా?"

"నేను అడగలె ఇంక."

ఎందుకు అడగలేదంటే, అడిగితే కాదంటుందేమోనన్న భయం. కాదంటే ఆ మాట కూడా జవాబే, దాన్ని ఒప్పుకోవాలి. ముందు అలా ఒప్పుకునే ధైర్యం తెచ్చుకోవాలి కదా.

కోతలు అయిపోయాయి. సంచుల గిరాకీ తగ్గింది. ఒక సాయంకాలం గాలిలో కాస్త చల్లదనం ఉంది, ఎక్కడో దూరంగా వాన పడ్డట్టుంది. యాస్మీన్ తెర ముడి విప్పి, బాదంను బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. సఫూరా వచ్చి, ఆమెకు ఎదురుగా, చెయ్యి చాపితే అందనంత దూరంలో నేల మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"యాస్మీన్, నేను గూడ సూడొచ్చా?"

పిల్ల తల ఎత్తలేదు. బాదం చెవుల మీద చెయ్యి నిమురుతూనే ఉంది. సఫూరా మళ్లీ అడగలేదు, ముందుకు జరగలేదు. అవతల సత్యమ్మ బర్రెకు కుడితి పోస్తున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఆగిపోయింది. గల్లీలో ఒక సైకిల్ పోయింది. కాళ్లు తిమ్మిరెక్కినా సఫూరా కదలలేదు.

యాస్మీన్ తల ఎత్తి తల్లి చేతులను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పక్కకు కొద్దిగా జరిగి, నేల మీద చోటు చేసింది.

సఫూరా వచ్చి ఆ చోట్లో కూర్చుంది. పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. బాదంను వెల్లకిలా తిప్పి, తల్లి చూపుడువేలును తోక కిందికి తీసుకుపోయి, బొచ్చుకు ఎదురుగా నెమ్మదిగా జరిపింది. పొడిగా ఉంది. శుభ్రంగా ఉంది. చర్మం వెచ్చగా తగిలింది. సఫూరా సరేనని వేలు వెనక్కి తీసుకోబోయింది. యాస్మీన్ వదల్లేదు. మణికట్టు ఇంకొంచెం బిగించి, ఒక తొడ మడత, తర్వాత రెండోది, బొచ్చు విడదీసి చూపించింది. తల్లి వంగి సరిగా చూసేదాకా ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఉంది.